కెనూ రిబ్బు చిట్లితే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చెక్క కెనూల (తెడ్డుతో నడిపే సన్నటి, తేలికపాటి పడవల) లోపల ఉండే రిబ్బుల గురించే. వీటి సంగతి తెలియనివాళ్ల కోసం ముందు నాలుగు మాటలు. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, బెరడుతో చేసే పడవల స్థానంలో వచ్చిన రకం ఇది. బయట రంగు వేసిన కాన్వాసు ఉంటుంది. దాని కింద సుమారు 4 మి.మీ. మందంతో సీడార్ అనే తేలిక కర్ర పలకలు, వాటి లోపల పక్కటెముకల్లా ఆవిరి పట్టి వంచిన సీడార్ రిబ్బులు. రిబ్బు మందం సుమారు 8 మి.మీ., అంటే మన వడ్రంగుల లెక్కలో రెండున్నర నూలు. వెడల్పు సుమారు 57 మి.మీ. రిబ్బుకూ పలకకూ మధ్య జిగురు ఉండదు, ఇత్తడి మేకులదే పట్టు. అందుకే అడుగున రాయి తగిలితే పడవ లోపలికి కాస్త వంగి, మళ్లీ బయటికొస్తుంది. మరమ్మతులో కాపాడాల్సింది ఈ గుణాన్నే. కింది జవాబులన్నీ ఆ దృష్టితో రాసినవి.

సీడార్ పట్టీలను అతికించి, లోపలా బయటా ఫైబర్‌గ్లాస్ వేసిన కెనూలకు రిబ్బులు ఉండవు. ఆ రకం ఉన్నవాళ్లకు ఈ పద్ధతులు వర్తించవు.

ప్రశ్న: కెనడా నుంచి తిరిగొచ్చిన బంధువుల దగ్గర 16 అడుగుల పాత సీడార్ కెనూ తీసుకున్నాను. అడుగు నుంచి పక్కకు తిరిగే వంపు దగ్గర, పక్కపక్కనే ఉన్న మూడు రిబ్బులు లోపలివైపు అడ్డంగా చిట్లాయి. కాన్వాసు బాగానే ఉంది, నీరు కారడం లేదు. మూడూ మార్చాల్సిందేనా? (బెసంట్ నగర్ పాఠకుడు)

మార్చక్కర్లేదు. కనీసం ఇప్పుడే అక్కర్లేదు. వంచిన కర్రను బయట నుంచి నెడితే దాని వంపు విప్పారుతుంది, లోపలి ముఖం సాగాల్సి వస్తుంది. సాగలేనప్పుడు అక్కడే చిట్లుతుంది. మూడు రిబ్బులూ ఒకే ఎత్తులో, ఒకే వరసలో పగిలాయంటే అది రాయో, మెట్టో తగిలిన ఒక్క దెబ్బే. అదే పగుళ్లు పడవంతా అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే కారణం వయసు. అలాంటివి ముట్టుకోకుండా వదిలేయడమే మేలు.

చూడాల్సింది ఆకారం చెడిందా లేదా అన్నది. పడవను బోర్లించి, కంటిని అడుగు మట్టానికి తెచ్చి పొడవునా చూడండి. సొట్ట ఉంటే రంగు మీద వెలుతురు గీత అక్కడ వంకర పోతుంది. తర్వాత లోపల 60 సెం.మీ. స్టీలు స్కేలు పెట్టండి. అది పడవ పొడవు దిశలో, చిట్లిన మూడింటి మీదుగా వెళ్లి రెండు చివర్లా ఒక్కో మంచి రిబ్బు మీదికి రావాలి. సొట్ట లోపలికి ఉబ్బి ఉంటే స్కేలు మధ్య రిబ్బుల మీద ఆని, చివర్ల దగ్గర లేస్తుంది. చివరి మంచి రిబ్బుల దగ్గర సందు 3 మి.మీ. లోపే ఉండి, బొటనవేలితో గట్టిగా నొక్కినప్పుడు టక్కుమనే చప్పుడు రాకపోతే ఆ రిబ్బులు ఇంకా పని చేస్తున్నట్టే. పగులులో చెక్క తెల్లగా, శుభ్రంగా ఉంటే పల్చటి ఎపాక్సీని (రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) సూదితో ఎక్కించండి. నల్లబడి ఉంటే అందులో పాత వార్నిష్, నూనె, మురికి చేరాయని అర్థం. అక్కడ ఏ జిగురూ పట్టదు. వార్నిష్ వేసి వదిలేయండి.

సందు 3 మి.మీ. దాటితే ఆకారాన్ని వెనక్కి తేవాలి. చిట్లిన చోటు కింద ఏదీ ఆనకుండా పడవను రెండు స్టూళ్ల మధ్య వెల్లకిలా నిలపండి. మరిగే నీటిలో ముంచిన తువ్వాళ్లు రిబ్బుల మీద పరిచి, చల్లారకుండా మారుస్తూ 20 నుంచి 25 నిమిషాలు ఉంచండి. ఈలోపు వంపుకు సరిపడేలా చెక్కిన దిమ్మ ఒకటి సిద్ధంగా ఉండాలి. పడవ అంచుల మీద అడ్డంగా ఒక బలమైన కర్రను క్లాంపులతో బిగించండి. దానికీ దిమ్మకూ మధ్య నిలువు కర్ర పెట్టి, ఏటవాలు చెక్క చీలలు దూర్చి కొడుతూ మెల్లగా కిందికి దించండి. పలకల మీద పడ్డ సొట్ట సమం కాగానే ఆపేయాలి. ఒక వారం అలాగే ఉంచి, చెక్క పూర్తిగా ఆరాక పగులులో జిగురు ఎక్కించండి.

బాగున్న కాన్వాసును మూడు రిబ్బుల కోసం చింపకండి. కాన్వాసు మార్చాల్సిన రోజు ఎలాగూ వస్తుంది, అసలైన మరమ్మతు అప్పుడు వెనక నుంచి చేయొచ్చు. పగులుకు ఎదురుగా ఉన్న పలకను విప్పి, రిబ్బు వెనక ముఖాన్ని పగులుకు అటూ ఇటూ 10 సెం.మీ. చొప్పున ఉలితో తొలవాలి. లోపల కనిపించే ముఖం 3 మి.మీ. మందం మిగలాలి. గుంట చివర్లు నిటారుగా తెగకుండా, ఎనిమిదికి ఒకటి చొప్పున (1 మి.మీ. లోతుకు 8 మి.మీ. పొడవు) ఏటవాలుగా తేలాలి. అందులో సన్నటి సీడార్ పొరలు రెండు మూడు ఎపాక్సీతో అతికించి, ఆరాక వెనక వైపు చిత్రిక పట్టి సమం చేసి, పలక తిరిగి బిగించాలి. కొత్త మేకులు పగులు గీత మీద పడకూడదు. ఇలా చేస్తే లోపలి నుంచి చూసేవాళ్లకు సన్నటి గీత తప్ప ఏమీ కనపడదు, అసలు రిబ్బూ పోదు.

ప్రశ్న: మా కెనూలో ఒక రిబ్బు విరిగితే వడ్రంగి దాని మీద అంగుళం మందం టేకు పట్టీ పెట్టి స్టీలు స్క్రూలు బిగించాడు. ఇప్పుడు ఆ పట్టీకి రెండు వైపులా ఉన్న రిబ్బులు చిట్లాయి. వాటికీ పట్టీలు వేయించమంటారా? (ముట్టుకాడు పాఠకురాలు)

దయచేసి వద్దమ్మా. వాటికి వేస్తే ఆ పక్కవి పోతాయి.

ఒకే చెక్కలో మందం రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లవుతుంది. 8 మి.మీ. రిబ్బు ఉండాల్సిన చోట 25 మి.మీ. పట్టీ అంటే దాదాపు ముప్పై రెట్లు. టేకు సీడార్ కన్నా గట్టిది కాబట్టి అసలు తేడా ఇంకా ఎక్కువే. పడవ నీటి మీద వంగేటప్పుడు ఆ ఒక్క చోటు కదలదు. అక్కడ వంగాల్సిన వంపంతా పట్టీ అంచు దాటగానే మొదటి రిబ్బు మీద పడుతుంది. మీకు చిట్లినవి సరిగ్గా అవే. ఈ పడవలో కొత్త రిబ్బు పక్కవాటికన్నా బలంగా ఉండకూడదు, వాటితో సమానంగా వంగాలి.

పట్టీ తీసేయండి. స్క్రూలు తుప్పుపట్టి తిరగకపోతే, వేడి సోల్డరింగ్ ఐరన్‌ను స్క్రూ తల మీద రెండు నిమిషాలు ఆనించి, చల్లారాక తిప్పి చూడండి. ముట్టుకాడు ఉప్పునీటిలో స్టీలు స్క్రూ చుట్టూ చెక్క నల్లబడి మెత్తబడుతుంది. ఆ మెత్తటి భాగం తీసేసి, బెజ్జాన్ని సీడార్ పుల్లతో మూయండి. ఎపాక్సీ ముద్ద పెట్టొద్దు, అదీ ఒక గట్టి గడ్డే అవుతుంది. తర్వాత ఆ రిబ్బును పూర్తిగా మార్చాలి, ఎలాగన్నది తరవాతి జవాబులో ఉంది. పక్కన చిట్లినవాటికి పై జవాబులో చెప్పిన పరీక్ష చేయండి.

ఉప్పునీటిలో నడిపే పడవ కాబట్టి ఇంకొకటి చూసుకోవాలి. ఏదైనా ఇత్తడి మేకు మొనను బ్లేడుతో గీకండి. లోపల పసుపుగా మెరిస్తే మంచిదే. రాగిలా గులాబి రంగులో కనిపిస్తే అందులోని జింకు కరిగిపోయింది, మేకు పెళుసైపోయింది, సుత్తి దెబ్బకు పుటుక్కున విరుగుతుంది. అలాంటివి ఎక్కువగా ఉంటే రిబ్బుతో పాటు ఆ చుట్టుపక్కల మేకులూ మార్చాలి. పడవను నడిపిన ప్రతిసారీ మంచినీటితో లోపలా బయటా కడిగితే ఇది చాలా ఏళ్లు వాయిదా పడుతుంది.

ప్రశ్న: కాన్వాసు తీసేశాను, రెండు రిబ్బులు ముక్కలైపోయాయి. కొత్తవి నేనే చేసుకోవాలనుకుంటున్నాను. చెన్నైలో ఏ కర్ర దొరుకుతుంది? ఆవిరి పట్టడం నుంచి బిగించడం దాకా వివరంగా చెప్పగలరా? (పోరూరు పాఠకుడు)

ముందు కర్ర సంగతి. అసలు రిబ్బులు ఉత్తర అమెరికా తెల్ల సీడార్. సైడెన్‌హామ్స్ రోడ్డు కలప దుకాణాల్లో వైట్ సీడార్ అని అడిగితే పడమటి కనుమల్లో పెరిగే వెళ్ళై అగిల్ చూపించే అవకాశం ఉంది. మంచి కర్రే గానీ చెట్టు వేరు, బరువూ వేరు. రెడ్ సీడార్ అన్న పేరు కూడా అంతే, తూన కర్రకు కూడా ఆ పేరుంది. కెనడా నుంచి దిగుమతయ్యే అసలు రెడ్ సీడార్ పలకలకు చక్కగా పనికొస్తుంది కానీ ఆవిరికి అంతగా లొంగదు.

మనకు అందుబాటులో బాగా వంగేవి రెండు, దిగుమతి యాష్, మన మల్బరీ. హాకీ కర్రలు చేసే మల్బరీ వంపుకు బాగా లొంగుతుంది. కాకపోతే పట్టుపురుగుల తోటల్లో కొమ్మలు నరికే పొదలు పనికిరావు. చెట్టుగా ఎదిగినదాంట్లోంచి ముడి లేని 1.6 మీటర్ల ముక్క సంపాదించాలి, అదే కష్టం. యాష్ తేలిగ్గా దొరుకుతుంది. సీడార్ కన్నా సుమారు రెండు రెట్లు గట్టిది కాబట్టి రెండున్నర నూలు మందం వేయొద్దు, రెండు నూలు, అంటే 6 మి.మీ. చాలు. అప్పుడు పక్కవాటితో సమానంగా వంగుతుంది. రిబ్బు చివర్లు దూరే అంచు పట్టీ (పడవ పై అంచు వెంబడి పొడవునా ఉండే కర్ర) దగ్గర తగ్గిన 2 మి.మీ. మందాన్ని సన్నటి చెక్క పొరతో పూడ్చండి. యాష్ తేమకు త్వరగా కుళ్లుతుంది కాబట్టి బిగించే ముందే వెనక ముఖానికీ చివర్లకూ వార్నిష్ మూడు పూతలు పడాలి.

ముక్క ఎంపికలో ఒక్క విషయానికి రాజీ పడొద్దు. పక్క అంచు మీద నార గీతలు చివరి దాకా అంచుకు సమాంతరంగా పోవాలి. 15 సెం.మీ. పొడవులో 1 సెం.మీ. కన్నా ఎక్కువ పక్కకు జారితే ఆ ముక్క వంపులో లేచిపోతుంది. తెగిన చివర చూసినప్పుడు వలయాలు వెడల్పు ముఖానికి సమాంతరంగా ఉండాలి, అలా ఉంటే వంగడమూ తేలిక, మేకుకు చీలడమూ తక్కువ. కొలతలు పక్క రిబ్బును చూసి తీసుకోండి. సాధారణంగా అడుగున పూర్తి వెడల్పు ఉండి, చివర్లకు వచ్చేసరికి 40 మి.మీ. దాకా సన్నబడుతుంది. రెండు చివర్లా 3 సెం.మీ. చొప్పున అదనంగా వదలండి.

ఆవిరి పెట్టెకు ప్లైవుడ్డు చాలు. 1.7 మీటర్ల పొడవు, లోపల 12 సెం.మీ. వెడల్పు, 8 సెం.మీ. ఎత్తు. పీవీసీ గొట్టం వాడొద్దు, ఆ వేడికి మెత్తబడి జారిపోతుంది. పెద్ద ప్రెషర్ కుక్కర్ వెయిటు తీసేసి, ఆవిరి వచ్చే గొట్టానికి వేడి తట్టుకునే రబ్బరు ట్యూబు తొడిగి, దాన్ని పెట్టె మధ్యలోకి పంపండి. పెట్టె ఒక చివర గుడ్డ మాత్రమే కుక్కాలి, ఎప్పుడూ బిగించి మూయకూడదు. రెండో చివర కాస్త కిందికి వంచి నీరు కారే బెజ్జం పెట్టండి. కుక్కర్‌లో నీరు అయిపోకుండా కనిపెట్టుకుని ఉండండి. రిబ్బును పెట్టెలో అడుగుకు ఆనకుండా పుల్లల మీద పెట్టాలి.

రిబ్బులను ముందు మూడు నాలుగు రోజులు నీళ్లలో నానబెట్టండి. పెట్టె రెండు చివర్ల నుంచీ ఆవిరి గట్టిగా వస్తున్నప్పుడే రిబ్బు లోపల పెట్టి టైము చూసుకోవాలి. సీడార్‌కు 20 నుంచి 25 నిమిషాలు, 6 మి.మీ. యాష్‌కు అరగంట. గంట దాటిస్తే నార బలం పోయి వంపు ముడతలు పడుతుంది.

ఈలోపు అచ్చు సిద్ధం చేయాలి. అచ్చు మీ పడవే. బోర్లించి, రిబ్బు వెళ్లాల్సిన చోటు నుంచి దగ్గరగా ఉన్న పడవ కొసవైపు రెండు మూడు రిబ్బుల దూరంలో, పడవ బయటివైపు మీద వంచండి. అసలు చోటు మీదే వంచితే పలక మందం, రిబ్బు మందం కలిసి వంపు పెద్దదవుతుంది. పైగా ఆరాక రిబ్బు కొంచెం విప్పారుతుంది. పడవ సన్నబడే వైపుకు జరిపితే ఈ రెండూ సర్దుకుంటాయి.

వంచడానికి ఇద్దరుండాలి, చేతికి తోలు గ్లౌజులు తప్పనిసరి. పెట్టెలోంచి తీశాక మీకున్న సమయం పది పదిహేను సెకన్లు. రిబ్బు మధ్యగీతను అడుగు మధ్యగీత మీద పెట్టి ఒక బెల్టుతో అదిమి, ఇద్దరూ చెరోవైపు మధ్య నుంచి బయటికి అరచేతులతో నిమురుతూ ఒకేసారి కిందికి వంచండి. చివర్లు పట్టుకుని లాగితే వంపు దగ్గర పలకను ఆనకుండా గుండ్రంగా లేచి ఉంటుంది. అంచులకు క్లాంపులు వేసి, మామూలు రోజుల్లో మూడు రోజులు, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వానల్లో వారం ఆరనివ్వండి. రెండు రిబ్బులు కావాలంటే మూడు వంచండి, ఒకటి విరుగుతుందన్న లెక్కతో.

పాత రిబ్బును తీసేటప్పుడు పలకలే జాగ్రత్త. 4 మి.మీ. సీడార్‌ను ఊతంగా చేసుకుని రిబ్బును పైకి లేపితే పలక చీలిపోతుంది. మేకుల మధ్య ఉలితో రిబ్బును నార వెంబడి చీల్చి ముక్కలుగా తీయండి. మిగిలిన మేకు మొనలను కటింగ్ ప్లయర్‌తో నిటారుగా చేసి, లోపలి నుంచి తట్టి, బయట తల లేచాక లాగండి. పడవ రెండు అంచులనూ కలిపే అడ్డకర్రలు విప్పొద్దు, అవి లేకపోతే పడవ వెడల్పు మారిపోతుంది.

కొత్త రిబ్బు ఒక చివరను లోపలి అంచు పట్టీకీ పలకకూ మధ్య సందులోకి దూర్చి, రెండో చివరా దూర్చి, మధ్య భాగాన్ని రబ్బరు సుత్తితో మెల్లగా అడుగుకు దించాలి. అది దిగేకొద్దీ చివర్లు పైకి పోతాయి. మొత్తం ఆనాక, బిగువు చూసుకుని అదనపు పొడవు కోయండి. వంపు దగ్గర పలకకూ రిబ్బుకూ మధ్య విజిటింగ్ కార్డు దూరుతుందంటే సరిగా ఆనలేదని అర్థం, మేకుతో లాగి సరిచేద్దామనుకోకండి. తీసి, వేడి తువ్వాలు చుట్టి, మళ్లీ దించండి.

మేకు పొడవు లెక్క ఇది. రిబ్బు, పలక మందాలు కలిపి, మొన మడవడానికి ఇంకో 5 మి.మీ. 8 మి.మీ. సీడార్ రిబ్బుకు 17 మి.మీ. మేకు, 6 మి.మీ. యాష్‌కు 15. సీడార్‌కు బెజ్జం అక్కర్లేదు. యాష్, మల్బరీలకు మాత్రం మేకు కన్నా సన్నటి బెజ్జం వేయకపోతే మేకు వంగిపోతుంది. లోపలివైపు బరువైన ఇనుప దిమ్మను రిబ్బుకు గట్టిగా ఆనించి ఒకరు పట్టుకోవాలి. కారు సొట్టలు తీసే డాలీ ఇందుకు బాగా సరిపోతుంది, పుదుప్పేటలో దొరుకుతుంది. బయట నుంచి మేకు కొడితే మొన ఇనుముకు తగిలి, వెనక్కి తిరిగి చెక్కలోనే దిగుతుంది. చివరి దెబ్బకు చప్పుడు మారుతుంది, అక్కడ ఆపాలి. ఇంకో దెబ్బ వేస్తే తల పలకలోకి దిగిపోయి చుట్టూ చితుకుతుంది. అడుగు మధ్య నుంచి మొదలుపెట్టి అంచుల వైపు రండి, మేకులన్నీ ఒకే నార గీత మీద పడకుండా అటూ ఇటూ జరుపుతూ కొట్టండి.

ప్రశ్న: ఆవిరి పట్టిన రిబ్బులు వంచుతుంటే విరుగుతున్నాయి. ఆవిరి చాలడం లేదా? (పెరంబూరు పాఠకుడు)

విరిగిన ముక్క చూస్తే కారణం తెలుస్తుంది. బయటి ముఖం మీద పొడవాటి పేడులా లేస్తే నార పక్కకు జారిన కర్ర, ఎంత ఆవిరి పట్టినా లాభం లేదు. బయట అడ్డంగా పుటుక్కున తెగితే కర్ర మరీ పొడి, లేదా పెట్టె నుంచి పడవ దగ్గరకు వచ్చేలోపు చల్లారింది. కొలిమి గదిలో ఆరబెట్టిన దిగుమతి కర్రకు ఈ బాధ ఎక్కువ, గాలికి ఆరినదైతే బాగా వంగుతుంది. లోపలి ముఖం ముడతలు పడితే ఆవిరి ఎక్కువైంది.

ఎలాగూ కుదరకపోతే ఆవిరి మానేయండి. రెడ్ సీడార్‌ను 1.8 మి.మీ. పొరలుగా కోసి, పడవ మీద పాలిథిన్ షీటు పరిచి, నాలుగు పొరలను ఎపాక్సీతో ఒకదాని మీద ఒకటి వంచి క్లాంపు చేయండి. మొత్తం 7 మి.మీ. వస్తుంది, పాత 8 మి.మీ. తెల్ల సీడార్‌కు దాదాపు సమానం. పక్క అంచు మీద జిగురు గీతలు కనపడతాయి, అది తప్పదు.

ప్రశ్న: రిబ్బుల మధ్య భాగం బాగుంది గానీ అంచు పట్టీ దగ్గర ఏడెనిమిది రిబ్బుల చివర్లు మెత్తబడి పొడిలా రాలుతున్నాయి. (తిరువాన్మియూరు పాఠకురాలు)

పడవను వెల్లకిలా వాన పడే చోట ఉంచినప్పుడు, లేదా బోర్లించి అంచులు తడి నేలకు తగిలేలా పెట్టినప్పుడు ఇదే జరుగుతుంది. చివరి కోత ముఖం నీళ్లు పీలుస్తుంది, పలకకూ పట్టీకీ మధ్య గాలి ఆడదు. చెక్కలో తేమ 20 శాతం దాటకుండా ఉంటే కుళ్లు పట్టదు.

రిబ్బంతా మార్చకండి. పిన్నీసుతో పొడుస్తూ కిందికి రండి, గట్టి చెక్క తగిలిన చోటు నుంచి ఇంకో 3 సెం.మీ. కిందికి గీత గీయండి. అక్కడ ఎనిమిదికి ఒకటి ఏటవాలు కోత, 8 మి.మీ. రిబ్బుకు 64 మి.మీ. పొడవు వస్తుంది. కొత్త ముక్కకూ అదే కోత. పదునైన చిత్రికతో రెండు ముఖాలూ వెలుతురుకు పట్టి చూసినా సందు లేకుండా కలవాలి. జిగురు పెట్టే ముందు ఒకసారి పల్చటి ఎపాక్సీ పూసి పది నిమిషాలు పీల్చనివ్వండి, తర్వాత సిలికా పొడి కలిపిన చిక్కటిది రాయండి. క్లాంపు బిగించడం మరీ ఎక్కువైతే జిగురంతా బయటికి పోయి అతుకు ఎండిపోతుంది. లేత బిగువు చాలు. కొత్త ముక్క కూడా సీడారే అయితే మంచిది, అది నిటారు భాగం కాబట్టి దిగుమతి రెడ్ సీడార్ నిశ్చింతగా వాడొచ్చు.

మిగిలిన చివర్ల కోసం నైనియప్ప నాయకర్ వీధి రసాయనాల దుకాణాల్లో బోరాక్స్, బోరిక్ యాసిడ్ తెచ్చుకోండి. లీటరు వేడి నీటికి బోరాక్స్ 60 గ్రాములు, బోరిక్ యాసిడ్ 40 గ్రాములు. ఎపాక్సీ, వార్నిష్ పనికి ముందే కుంచెతో రెండు మూడు సార్లు తాపించి వారం ఆరనివ్వండి. ఇది నీళ్లకు కరిగిపోయే మందు, పైన వార్నిష్ లేకపోతే మిగలదు.

ప్రశ్న: ఎపాక్సీ వేశాక పైన జిడ్డుగా, తెల్లగా పొర వస్తోంది. ఎండాకాలంలోనేమో కప్పులోనే పొగలు కక్కి గట్టిపడిపోతోంది. (వేళచ్చేరి పాఠకుడు)

మొదటిది గాలిలో తేమ వల్ల. గరుకు కాగితంతో రుద్దితే ఆ జిడ్డు చెక్కలోకి పోతుంది. ముందు మంచినీళ్లు, స్క్రబ్బరుతో కడిగి, ఆరాకే రుద్దండి. రెండోది వేడి వల్ల. సుమారు 10 డిగ్రీలు పెరిగితే పని చేసుకునే సమయం సగమవుతుంది. నెమ్మదిగా గట్టిపడే హార్డెనర్ కొని, ఒకసారికి 50 గ్రాములకు మించి కలపకుండా, కలిపింది వెంటనే వెడల్పాటి పళ్లెంలో పరచండి. లోతు కప్పులో ఉంచితే దాని వేడి అదే పెంచుకుంటుంది. హార్డెనర్ పాళ్లు తగ్గించి సమయం పెంచుకోవాలని మాత్రం చూడకండి, ఆ జిగురు ఎప్పటికీ గట్టిపడదు. ఖాళీ చెక్కకు సాయంత్రం, వేడి తగ్గేటప్పుడు పూయండి. ఉదయం పూస్తే చెక్కలోని గాలి వ్యాకోచించి బుడగలు లేస్తాయి. అయిదు నిమిషాల్లో అతికే రకం నీళ్లలో ఉండే అతుకులకు వాడొద్దు.

ప్రశ్న: మాది కెనూ కాదు, సరస్సులో తిరిగే పాత పలకల పడవ. లోపలి వంపు కర్ర ఒకటి ఇనుప మేకుల దగ్గర చీలింది. మీరు చెప్పే ఆవిరి పద్ధతి మాకు పనికొస్తుందా? (పులికాట్ పాఠకుడు)

పనికిరాదు. మీ పడవకు వంపు కర్ర వంచి చేసింది కాదు. సహజంగా వంకర తిరిగిన తుమ్మ లాంటి కర్రను చూసి కోసింది. కెనూలా వంగే పడవ కాదిది, మందం పలకలతో గట్టిగా నిలబడే పడవ. కాబట్టి కెనూ విషయంలో వద్దన్న పనే ఇక్కడ సరైనది. చీలిన కర్ర పక్కనే, అదే వంపున్న ఇంకో తుమ్మ కర్రను జతగా వేయండి. చీలికకు రెండు వైపులా కనీసం మూడేసి పలకల మీదుగా పోవాలి. వంపు కలవకపోతే చెక్కి కలపండి, బోల్టుతో లాగి కలపొద్దు, పలక చీలుతుంది. చేవ కర్రే తీసుకోండి, పై తెల్లటి భాగం పురుగుకు పోతుంది.

చీలిక రావడానికి కారణం ఇనుప మేకు తుప్పు పట్టి ఉబ్బడం. పాతవి తీసేసి, కరిగిన జింకులో ముంచి పూత వేసిన బోల్టులు వాడండి, తల కింద గుగ్గిలం, నూనె కలిపిన ముద్ద పెట్టి బిగించండి. షాపుల్లో తళతళలాడే పల్చటి జింకు పూత బోల్టులు ఉప్పునీటికి ఎక్కువ కాలం ఆగవు. కొత్త కర్ర అడుగున, పడవ మధ్యగీతకు రెండు వైపులా రెండు వేళ్లు పట్టే గాడి తీయడం మరవకండి. అది లేకపోతే చేదే నీరు ఆ కర్ర వెనక నిలిచిపోతుంది.